పల్లె పిల్లల చేతికి పని.. పేదల కంటికి వెలుగు

* వేళ్లు వంకర తిరిగిన చేతులతోనే లక్షకు పైగా ఆపరేషన్లు
* పని పంచడమే కాదు.. పెత్తనమూ పంచిన పెద్దాయన
* మదురై కంటి వైద్యుడు గోవిందప్ప వెంకటస్వామి జీవితం

చిన్నమనూరు (తేని జిల్లా):

తేని నుంచి కంబం వెళ్లే రోడ్డు మీద చిన్నమనూరు వస్తుంది. మన కంభం వేరు, ఇది తమిళనాడు కంబం. ముల్లై పెరియార్ నీళ్లు పారే లోయ. వరి, అరటి, ద్రాక్ష.. ఎటు చూసినా పచ్చదనమే. విజయనగర రాజుల కాలంలో, ఆ తర్వాత మదురై నాయకుల కాలంలో వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం. మాట ఉంది గానీ చాలామందికి మన రాత రాదు.

ఈ ఊరికి కంటి వైద్య చరిత్రలో చిన్న చోటు ఉంది. మదురై అరవింద్ కంటి ఆసుపత్రి 2004 నుంచి పల్లెల్లో విజన్ సెంటర్లు తెరవడం మొదలుపెట్టింది. తేని చుట్టూ తొలి రోజుల్లో వచ్చిన వాటిలో చిన్నమనూరు సెంటర్ ఒకటి. అక్కడ డాక్టరు ఉండరు. శిక్షణ పొందిన ఒక అమ్మాయి ఉంటుంది. రోగి కన్ను ఆమే చూస్తుంది. అద్దాల నంబరు ఆమే తేలుస్తుంది. స్లిట్‌ల్యాంప్ కింద కనిపించింది రాసిపెట్టి, తేనిలో ఉన్న డాక్టరుకు వీడియోలో చూపిస్తుంది. ఎవరిని పెద్దాసుపత్రికి పంపాలి, ఎవరికి కళ్లద్దాలు చాలు అన్నది అక్కడికక్కడే తేలిపోతుంది.

ఇంటర్ చదివిన పల్లెటూరి పిల్ల చేతిలో ఇంత బాధ్యత పెట్టొచ్చా? పెట్టొచ్చని ఏళ్ల తరబడి పట్టుబట్టి నిరూపించిన మనిషి డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి. మదురైలో అందరూ డాక్టర్ వి అనే పిలిచేవారు. తెలుగు మాట్లాడే రైతు ఇంట్లో పుట్టి, ప్రపంచంలోని మేనేజ్‌మెంట్ విద్యార్థులంతా చదివే పాఠమైపోయారు. దక్షిణాది తెలుగువాళ్లలో పేరు గడించినవారంటే కోయంబత్తూరు జి.డి.నాయుడు చటుక్కున గుర్తొస్తారు. ఆయన యంత్రాలను నమ్ముకున్నారు. ఈయన మనుషులను నమ్ముకున్నారు.

ఇసుకలో అక్షరాలు

వెంకటస్వామి 1918 అక్టోబరు 1న అయన్ వడమలాపురంలో పుట్టారు. అప్పటి తిరునెల్వేలి జిల్లా, ఇప్పటి తూత్తుక్కుడి జిల్లా. సుబ్రహ్మణ్య భారతి పుట్టిన ఎట్టయపురం దాపులోనే. ఐదుగురు పిల్లల్లో ఈయనే పెద్ద. వానాకాలం పంట మీద ఆధారపడిన నల్లరేగడి పల్లె. పలకా బలపం కూడా అరుదే. ఏటి ఒడ్డు నుంచి ఇసుక తెచ్చుకుని, అందులో వేలితో అక్షరాలు దిద్దుకున్నారు. పొద్దున్నే పశువుల పని చూసుకుని, ఆ తర్వాత నడిచి బడికి వెళ్లిన బాల్యం.

ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల డాక్టరు లేడు. కాన్పు కష్టమై బంధువుల ఇళ్లలో ఆడపిల్లలు చనిపోవడం కుర్రాడిగా ఉన్నప్పుడే చూశారు. కాన్పుల డాక్టరు కావాలని అప్పుడే అనుకున్నారు. మదురై అమెరికన్ కాలేజీలో రసాయన శాస్త్రం చదివి, మద్రాసు స్టాన్లీ మెడికల్ కాలేజీలో చేరారు. 1944లో వైద్య పట్టా చేతికొచ్చింది. 1945లో సైన్యం వైద్య విభాగంలోకి వెళ్లారు.

అనుకున్నది ఒకటి, అయ్యింది ఒకటి. ముప్పై ఏళ్ల వయసులో రుమటాయిడ్ ఆర్థరైటిస్ పట్టుకుంది. కీళ్లన్నీ వాచిపోయాయి. నిలబడలేరు, కూర్చోలేరు. చేతి వేళ్లు వంకర తిరిగిపోయాయి. 1948లో సైన్యం నుంచి బయటికి రావాల్సి వచ్చింది. నెలల తరబడి ఆసుపత్రి మంచానికే పరిమితమయ్యారు. కాన్పుల డాక్టరు గంటల కొద్దీ నిలబడాలి, రెండు చేతులా బలం ఉండాలి. ఆ ఆశ అక్కడితో ముగిసింది.

కలం పట్టలేని చేతికి కత్తి

లేచి నడవగలిగాక మళ్లీ చదువు మొదలుపెట్టారు. ఈసారి కంటి వైద్యం. 1951లో డిప్లొమా, ఆ తర్వాత ఎంఎస్. కలం కూడా సరిగా పట్టలేని వేళ్లకు ఆపరేషన్ కత్తి పట్టడం నేర్పారు. తన చేతికి ఒదిగేలా పనిముట్లు మలచుకున్నారు. ఆ చేతులే తర్వాత రోజుకు వంద శుక్లాల ఆపరేషన్ల దాకా చేశాయి. జీవితం మొత్తంలో లక్షకు పైగా.

ఈ సంగతి వింటే మనం ఆశ్చర్యపోయి ఊరుకుంటాం. పని చేయించడం గురించి ఆయన నేర్చుకున్న మొదటి పాఠం మాత్రం ఇక్కడే ఉంది. ఆరోగ్యంగా ఉన్న సర్జన్ అన్నీ తానే చేసుకోవాలనుకుంటాడు. నొప్పితో ఉన్న సర్జన్‌కు ఆ భోగం లేదు. తన చేతిలో ఉన్న కొద్దిపాటి శక్తి ఎక్కడ ఖర్చు పెట్టాలో లెక్క చూసుకోవాలి. రోగిని పడుకోబెట్టడం, కన్ను శుభ్రం చేయడం, మందు వేయడం, పనిముట్టు అందించడం, కట్టు కట్టడం.. ఇవన్నీ వేరొకరు చేయగలరు. సర్జనే చేయాల్సింది ఆ కొన్ని నిమిషాలే. మిగతాది నమ్మకస్తులకు అప్పజెప్పాలి. అప్పజెప్పాలంటే ముందు నేర్పాలి.

సర్కారు కొలువులోనే మొదలు

1956లో మదురై మెడికల్ కాలేజీలో కంటి విభాగానికి అధిపతి అయ్యారు. ఎర్‌స్కిన్ ఆసుపత్రి అనే పేరున్న ఆ పెద్దాసుపత్రే తర్వాత రాజాజీ ఆసుపత్రి అయ్యింది. ఇరవై ఏళ్లు అక్కడే పని. గుడ్డివాళ్లు ఆసుపత్రికి రారని, ఆసుపత్రే వాళ్ల దగ్గరికి వెళ్లాలని 1960ల్లో ఊరూరా శిబిరాలు పెట్టించారు. బడులు, సత్రాలు ఆపరేషన్ గదులయ్యాయి. 1966లో చూపు లేనివారి పునరావాస కేంద్రం తెరిచారు.

1973లో మరో పని చేశారు. డాక్టర్లు కానివారికి కంటి పరీక్షల్లో శిక్షణ ఇచ్చే కోర్సు మొదలుపెట్టారు. కంటి సహాయకుల శిక్షణ అది. ఆయన తర్వాత కట్టిన సంస్థకు విత్తనం ఇదేనని చెప్పాలి. అదే ఏడాది ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది.

సర్కారు కొలువులో హద్దులుంటాయి. ఖాళీ పోస్టు నిండాలంటే ఏళ్లు పడుతుంది. పని బాగా చేసినవాడికీ, చేయనివాడికీ ఒకటే జీతం. కింది ఉద్యోగి కొత్తగా ఏదైనా చేయాలంటే పై సంతకం కావాలి. ఇవన్నీ ఆయన దగ్గర నుంచి చూశారు. పెన్షన్ తీసుకుని విశ్రాంతిగా ఉండే వయసులో, సొంతంగా చేసి చూద్దామని నిర్ణయించుకున్నారు.

పదకొండు పడకలు.. కుదువకెళ్లిన నగలు

1976లో పదవీ విరమణ. అదే ఏడాది మదురై అణ్ణానగర్‌లో ఒక అద్దె ఇంట్లో పదకొండు పడకలతో కంటి ఆసుపత్రి తెరిచారు. తాను నమ్మిన శ్రీ అరవిందుల పేరు పెట్టారు. దేశంలో అంధత్వ నివారణ జాతీయ కార్యక్రమం మొదలైందీ ఆ ఏడాదే. అప్పట్లో చూపు పోవడానికి అతి పెద్ద కారణం శుక్లమే. పావు గంట ఆపరేషన్‌తో తిరిగి వచ్చే చూపు, డబ్బు లేక, దారి తెలియక పోయేది. చూపు పోయిన రైతు పొలం పోగొట్టుకుంటాడు. అతన్ని చేయి పట్టుకుని నడిపించే మనవడు బడి పోగొట్టుకుంటాడు.

పెట్టుబడి ఎక్కడిది? ఇల్లు తాకట్టు పెట్టారు. ఇంటి ఆడవాళ్ల నగలు కుదువకెళ్లాయి. ఆయన పెళ్లి చేసుకోలేదు. తండ్రి పోయాక తమ్ముళ్లను, చెల్లెళ్లను చదివించి నిలబెట్టింది ఆయనే. ఇప్పుడు వాళ్లంతా అన్న వెంట నిలిచారు. చెల్లెలు డాక్టర్ నాచియార్, బావ డాక్టర్ నంపెరుమాళ్‌స్వామి కంటి వైద్యులుగా చేరారు. తమ్ముడు శ్రీనివాసన్ భవనాలు, లెక్కలు చూసుకున్నారు. 1978లో పేదల కోసం డెబ్బై పడకలతో ఉచిత ఆసుపత్రి, 1981లో పెద్ద ఆసుపత్రి లేచాయి. తేనిలో 1985లో, తిరునెల్వేలిలో 1988లో, కోయంబత్తూరులో 1997లో, పుదుచ్చేరిలో 2003లో శాఖలు వచ్చాయి. తేని అప్పటికింకా మదురై జిల్లాలోనే ఉండేది.

ఇక్కడ ఆదాయ ధ్రువపత్రం అడగరు. డబ్బు కట్టే వైపు వెళ్లాలో, ఉచితం వైపు వెళ్లాలో రోగే తేల్చుకుంటాడు. కట్టినవారి డబ్బుతోనే కట్టలేనివారి వైద్యం నడుస్తుంది. రోగిని నమ్మడం ఎలాగో, పనివాళ్లను నమ్మడమూ అలాగే. రెండూ ఒకే చెట్టు కొమ్మలు.

రెండు బల్లలు.. ఒక సర్జన్

అమెరికా వెళ్లినప్పుడు మెక్‌డొనాల్డ్స్ దుకాణాలు చూసి డాక్టర్ వి ఆలోచనలో పడ్డారట. ఏ ఊళ్లో తిన్నా ఒకటే రుచి, ఒకటే వేగం. చదువు పెద్దగా లేని కుర్రాళ్లే నడిపిస్తున్నారు. పని సరిగ్గా విడగొట్టి, ప్రతి ముక్కనూ బాగా నేర్పితే మామూలు మనుషులే గొప్ప పని చేస్తారని ఆయనకు రూఢి అయ్యింది. తిండి విషయంలో సాధ్యమైంది కంటి విషయంలో ఎందుకు కాకూడదు?

ఆపరేషన్ గదిలో సర్జన్‌కు రెండు బల్లలు. ఒక బల్ల మీద ఆపరేషన్ సాగుతుండగానే, పక్క బల్ల మీద తర్వాతి రోగిని సిస్టర్లు సిద్ధం చేసి ఉంచుతారు. మొదటిది ముగియగానే సూక్ష్మదర్శిని అటు తిప్పుకోవడమే. సర్జన్ ఎవరి కోసమూ ఆగడు. గంటకు ఆరు నుంచి ఎనిమిది శుక్లాలు. అరవింద్‌లో ఒక్కో సర్జన్ ఏడాదికి దాదాపు 2 వేల ఆపరేషన్లు చేస్తారని లెక్క. దేశంలో మామూలు సగటుకు ఇది ఎన్నో రెట్లు.

ఈ వేగం సర్జన్ గొప్ప అని జనం అనుకుంటారు. అసలు సంగతి అతని చుట్టూ ఉన్న నలుగురు అమ్మాయిలు. వాళ్లలో ఒక్కరు తడబడినా బండి ఆగిపోతుంది. వేగంతో పాటు శుభ్రత తగ్గిందా? అలా తగ్గకుండా ఒక్కో సర్జన్ చేసిన ఆపరేషన్లలో ఎన్ని తేడా చేశాయో లెక్క రాసి, కూర్చుని చర్చించుకునే పద్ధతి పెట్టారు. పెద్ద డాక్టరుకైనా మినహాయింపు లేదు.

మార్కులు కాదు.. మనిషి

సిస్టర్లను ఎంచుకునే పద్ధతి చూడాలి. చుట్టుపక్కల పల్లెల నుంచి, పన్నెండో తరగతి అయిన పదిహేడు, పద్దెనిమిదేళ్ల ఆడపిల్లలు. వ్యవసాయ కుటుంబాలు. అమ్మాయితో పాటు తల్లిదండ్రులతోనూ మాట్లాడతారు. మార్కుల కంటే నడవడిక, ఓపిక, రోగితో మాట్లాడే తీరు చూస్తారు. తర్వాత రెండేళ్ల శిక్షణ. ఫీజు కట్టక్కర్లేదు, పైగా స్టైపెండ్. కొన్ని నెలలు అందరికీ ఒకే పాఠం. ఆ పైన ఎవరికి ఏది నప్పుతుందో చూసి ఓపీ, అద్దాల పరీక్ష, ఆపరేషన్ గది, వార్డు, కౌన్సెలింగ్ అని విడగొడతారు. ఈ శిక్షణకు పట్టుగొమ్మగా నిలిచింది నాచియార్.

ఆసుపత్రి సిబ్బందిలో సగానికి పైగా వీళ్లే. డాక్టరు దగ్గరికి రోగి వచ్చేసరికి చూపు ఎంతుందో, కంటి ఒత్తిడి ఎంతుందో, అద్దాల నంబరేమిటో చీటీ మీద రాసి ఉంటుంది. ఆపరేషన్ ఎందుకు, ఖర్చెంత, ఇంటికెళ్లాక ఏం చేయాలి.. ఇవన్నీ రోగికి అర్థమయ్యే భాషలో కౌన్సెలర్ చెబుతుంది. ఆమె కూడా ఒకప్పుడు ఇలా వచ్చిన పల్లె పిల్లే. నాలుగైదేళ్లకు సీనియర్ అయి కొత్తవాళ్లకు నేర్పుతుంది. కొందరు వేరే రాష్ట్రాలకు, విదేశాలకు వెళ్లి అక్కడి ఆసుపత్రుల వాళ్లకు పని నేర్పి వచ్చారు. కమ్మలు తప్ప ఒంటి మీద బంగారం లేని ఇంటి నుంచి వచ్చిన అమ్మాయి, విమానం ఎక్కి డాక్టర్లకు పద్ధతి చెప్పి రావడమంటే మాటలు కాదు.

1992లో కంటిలోపల అమర్చే లెన్సుల కోసం ఆరోల్యాబ్ పెట్టారు. అప్పట్లో దిగుమతి లెన్సు పేదవాడికి అందని ధర. అది లేకుండా శుక్లం తీస్తే సోడాబుడ్డి అద్దాలే గతి. ఆరోల్యాబ్ తొలినాళ్లలోనే లెన్సును దాదాపు 10 డాలర్లకు తెచ్చింది. తర్వాత ఇంకా దిగింది. అక్కడ కూడా వెంట్రుకలాంటి పనితనం చూపింది ఎక్కువగా పల్లె అమ్మాయిలే. ఆ లెన్సులు వందకు పైగా దేశాలకు వెళ్లాయి.

వదిలేయడం వేరు.. అప్పగించడం వేరు

ఉద్యోగికి అధికారం ఇవ్వాలని ఇప్పుడు ప్రతి కంపెనీ మీటింగులోనూ వినిపిస్తుంది. చాలాచోట్ల దాని అర్థం పని మొత్తం కిందివాళ్ల మీద పడేసి, తప్పు జరిగితే వాళ్లనే నిలదీయడం. డాక్టర్ వి పద్ధతిలో మూడు సంగతులు కలిసి ఉండేవి.

మొదటిది, నేర్పాకే అప్పగించడం. రెండేళ్ల శిక్షణ లేకుండా ఎవరూ రోగి కన్ను ముట్టుకోరు. రెండోది, హద్దు తేల్చి చెప్పడం. సిస్టర్ ఎంతవరకు నిర్ణయించొచ్చు, ఎక్కడ డాక్టరును పిలవాలి అన్నది ముందే రాసి ఉంటుంది. హద్దు తెలిసినవాడే ధైర్యంగా నడుస్తాడు. మూడోది, ఆ పని ఎందుకో కనిపించేలా చేయడం. పొద్దున కట్టు విప్పగానే ముసలామె తన మనవడి ముఖం గుర్తుపట్టే క్షణం, ఆ కట్టు విప్పిన సిస్టర్ కళ్లముందే జరుగుతుంది. జీతం చీటీ చెప్పలేనిది ఆ ముఖం చెబుతుంది.

అమెరికాలో గ్రెచెన్ స్ప్రైట్జర్ అనే పరిశోధకురాలు 1995లో ఇదే విషయాన్ని నాలుగు ముక్కల్లో తేల్చారు. పనికి అర్థం కనిపించాలి, చేయగలనన్న నమ్మకం ఉండాలి, ఎలా చేయాలో కొంత తన చేతిలో ఉండాలి, తన వల్ల ఫలితం మారుతోందని తెలియాలి. నాలుగూ ఉన్నచోట మనిషి తనంతట తానే పని చేస్తాడు. జపాన్‌లో టయోటా కార్ల ఫ్యాక్టరీలో మామూలు కార్మికుడు తప్పు కనిపిస్తే తాడు లాగి లైను మొత్తం ఆపించగలడు. యజమాని మీద భయం ఉన్నచోట ఆ తాడు ఎవరూ లాగరు.

మెత్తని మనిషేమీ కాదు

ఆయన చిరునవ్వుతో అందరి భుజం తట్టిన పెద్దమనిషి అనుకుంటే పొరపాటే. పనిలో చాలా గట్టి మనిషి. పొద్దు పొడవకముందే ఆసుపత్రిలో ఉండేవారు. మిగతావాళ్లూ అలాగే ఉండాలని ఎదురుచూసేవారు. తొలి ఏళ్లలో ఇంటి డాక్టర్లే కొద్దిపాటి జీతంతో పొద్దస్తమానం పని చేశారు. అన్న మాటకు ఎదురు లేదు. అది కుటుంబం కాబట్టి సాగింది.

మరి ఆ కఠినాన్ని జనం ఎందుకు భరించారు? తాను చేయనిది ఎవరినీ చేయమనలేదు కాబట్టి. సంస్థ పేరు మీద సొంతానికి ఏమీ కూడబెట్టుకోలేదు కాబట్టి. వంకర వేళ్లతో ఆయన ఆపరేషన్ బల్ల దగ్గర నిలబడితే, పక్కన ఉన్న కుర్ర డాక్టరు అలసిపోయానని చెప్పలేడు. మాటతో చేసే నాయకత్వానికి, చేసి చూపించే నాయకత్వానికి తేడా అదే. సిబ్బందితో కలిసి కూర్చుని అరవిందుల రచనలు చదివించుకోవడం ఆయనకు అలవాటు. పనిని ఆధ్యాత్మిక సాధనగా చూశారు. నమ్మినవారు ఆయనతో ఉండిపోయారు.

విమర్శలూ ఉన్నాయి

పొగడ్తలతో సరిపెడితే ఆయన పాఠం సగమే తెలుస్తుంది. సిస్టర్లకు దక్కేది సంస్థ ఇచ్చే శిక్షణే గానీ ప్రభుత్వ నర్సింగ్ పట్టా కాదు. బయటికి వెళితే నర్సుగా అదే హోదా దొరకడం కష్టం. పెళ్లయ్యాక మానేసేవారు ఎప్పుడూ ఉన్నారు. శిక్షణ పొందిన డాక్టర్లు కూడా ఎక్కువ జీతం కోసం ప్రైవేటుకు, సొంత క్లినిక్‌లకు వెళ్లిపోతుంటారు. తక్కువ జీతానికి ఎక్కువ పని చేయించే మార్గం కాదా ఇది, అని అడిగేవారికి జవాబు చెప్పాల్సిందే.

నిజాయతీగా చూస్తే రెండు వైపులా ఉంది. బాధ్యత పెంచి జీతం పెంచకపోతే, దాన్ని సాధికారత అనలేం. ఉద్యోగి అలసిపోతాడు, ఆ పైన అలుగుతాడు, చివరికి వెళ్లిపోతాడు. మరోవైపు, ఆ పల్లెల్లో పన్నెండో తరగతి తర్వాత ఆడపిల్లకు అప్పట్లో ఉన్న దారులు పెళ్లి, పొలం కూలి, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ. వాటి పక్కన పెట్టి చూస్తే హాస్టలు, చదువు, చేతికి జీతం, నలుగురిలో గౌరవం చిన్న సంగతులు కావు. మానేసి వెళ్లిన అమ్మాయి కూడా పని తెలిసిన మనిషిగానే వెళ్లింది. వెళ్లిపోతారేమోనన్న భయంతో నేర్పడం మానేసే యజమానులు మన చుట్టూ ఎంతమంది లేరు? డాక్టర్ వి వెళ్లిపోయేవారిని లెక్కలో కలుపుకునే, ఏటా కొత్త బ్యాచ్‌కు నేర్పించారు. అంతటితో ఆగక, సాటి ఆసుపత్రులకు కూడా తమ పద్ధతులన్నీ నేర్పేందుకు 1992లో లయన్స్ సాయంతో లయికో అనే శిక్షణ సంస్థ పెట్టారు. పోటీ వస్తుందని దాచుకోలేదు.

తేని నుంచి తీగ లేకుండా

శిబిరాలు పెడితే జనం వస్తారని మొదట్లో అనుకున్నారు. ఆపరేషన్ ఉచితమే అయినా చాలామంది రాలేదు. ఎందుకని చూస్తే బస్సు చార్జీ, తోడు వచ్చేవారి కూలి, పట్నంలో తిండి. అవి కూడా తామే చూసుకుంటే గానీ జనం కదల్లేదు. అయినా శిబిరం నెలకో, ఏడాదికో ఒకసారి వచ్చి పోతుంది. కంటి జబ్బు దాని కోసం ఆగదు. ఊళ్లోనే ఎప్పుడూ తెరిచి ఉండే చోటు కావాలి. ప్రతి ఊళ్లో కంటి డాక్టరును పెట్టడం జరిగే పని కాదు.

అప్పుడు పుట్టిందే విజన్ సెంటర్. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు, ఇంటెల్ కంపెనీ తోడ్పడ్డారు. ఇంటర్నెట్ లైన్లు అంతంతమాత్రంగా ఉన్న ఆ రోజుల్లో, దూరం పోయే వైఫైతో తేని ఆసుపత్రిని చుట్టూ ఉన్న సెంటర్లకు కలిపారు. అంబాసముద్రం, బోడి, పెరియకుళం, ఆండిపట్టి, చిన్నమనూరు.. అన్నీ పొలాల మధ్య ఊళ్లే. స్తంభాల మీద నుంచి బొమ్మ వెళుతుంది, మాట వెళుతుంది. కన్ను చూసే చేయి మాత్రం ఆ సిస్టర్‌దే. డెబ్బైల్లో మొదలైన నమ్మకానికి ఇది చివరి మెట్టు. ఆసుపత్రి గోడల లోపల, పెద్ద డాక్టరు కనుచూపు మేరలో పని చేసిన అమ్మాయి ఇప్పుడు ఊరు మొత్తానికి ఒంటరిగా జవాబుదారీ. ఆ సెంటర్లు తర్వాత వందకు మించాయి.

మన వైపు హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ కంటి వైద్య సంస్థ కూడా ఇదే దారిలో నడిచింది. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో మొదలుపెట్టిన ఆ సంస్థ, పల్లె యువతీ యువకులకు విజన్ టెక్నీషియన్లుగా శిక్షణ ఇచ్చి ఊళ్లలో కేంద్రాలు తెరిచింది. సరిహద్దుకు రెండు వైపులా తెలుగువాళ్లు ఒకే మాట మీద నిలబడ్డారన్నమాట.

పెద్దాయన వెళ్లాక

2006 జులై 7న డాక్టర్ వి మదురైలో కన్నుమూశారు. అప్పటికి అరవింద్ ఆసుపత్రులన్నీ కలిపి ఏటా 2 లక్షలకు మించి ఆపరేషన్లు చేస్తున్నాయి. ఒక మనిషి మీద నడిచే సంస్థ ఆ మనిషి పోగానే కుంగిపోతుంది. మన మిల్లులు, బస్సు కంపెనీలు, జిన్నింగు ఫ్యాక్టరీలు అలా ఎన్ని మూతపడలేదు? ఇక్కడ అలా జరగలేదు. 2008లో గేట్స్ ప్రపంచ ఆరోగ్య పురస్కారం, 2010లో కాన్‌రాడ్ హిల్టన్ మానవతా పురస్కారం ఆయన పోయాకే సంస్థకు వచ్చాయి. ఆపరేషన్ల సంఖ్య పెరుగుతూనే పోయింది.

నాయకుడి పనితనానికి ఇంతకంటే గట్టి పరీక్ష లేదు. యజమాని ఎదురుగా ఉన్నప్పుడు అందరూ పని చేస్తారు. ఆయన ఊళ్లో లేనప్పుడు, అసలు లోకంలోనే లేనప్పుడు కూడా పని అదే తీరులో సాగితే అది ఆయన నేర్పిన పని. హార్వర్డ్ బిజినెస్ స్కూలు 1993లోనే ఈ ఆసుపత్రి మీద పాఠం రాసి విద్యార్థుల ముందు పెట్టింది. పాఠం చదవడానికి అంత దూరం పోనక్కర్లేదు. రైసుమిల్లు గుమాస్తాకు కాటా అప్పగించే యజమాని, మగ్గాల షెడ్డులో మేస్త్రీకి లెక్క అప్పగించే యజమాని, దుకాణంలో కుర్రాడికి గల్లాపెట్టె అప్పగించే యజమాని.. ముగ్గురూ తమను తాము రెండు మాటలు అడిగి చూసుకోవచ్చు. అప్పగించే ముందు నేర్పామా? అప్పగించాక దానికి తగ్గ విలువ ఇచ్చామా?

--------------------
డాక్టర్ వి.. ఏ ఏడు ఏమిటి?

1918: అయన్ వడమలాపురంలో జననం
1944: స్టాన్లీ కాలేజీ నుంచి వైద్య పట్టా
1945-48: సైన్యంలో కొలువు, ఆర్థరైటిస్‌తో విరమణ
1951: కంటి వైద్యంలో డిప్లొమా
1956: మదురై మెడికల్ కాలేజీలో కంటి విభాగాధిపతి
1973: కంటి సహాయకుల శిక్షణ కోర్సు, పద్మశ్రీ
1976: పదకొండు పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి
1985: తేనిలో శాఖ
1992: ఆరోల్యాబ్, లయికో
2004: విజన్ సెంటర్లకు శ్రీకారం
2006: జులై 7న కన్నుమూత